18 పాయింట్లు, 22 క్యాబ్‌లు, మూడు వేసవులు: ఆఫీసు బేస్‌మెంట్‌లో ఈవీ ఛార్జింగ్ ఎలా నడిచింది

ముందు సెటప్ గురించి. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో ఒక ఆఫీసు భవనం, రెండో బేస్‌మెంట్. 7.4 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఏసీ ఛార్జర్లు 18. అన్నిటికీ 5 మీటర్ల టైప్-2 (ఏసీ ఛార్జింగ్ ప్లగ్ రకం) కేబుల్ బిగించే ఉంటుంది. పైన ర్యాంప్ పక్కన 30 కిలోవాట్ల సీసీఎస్-2 (ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్ రకం) డీసీ ఛార్జర్ ఒకటి. భవనం మెయిన్ ఇన్‌కమర్ (కరెంటు లోపలికొచ్చే ప్రధాన స్విచ్) మీద సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు) పెట్టి, వాటి రీడింగ్‌ను బట్టి ఛార్జర్లను పెంచి తగ్గించే లోడ్ కంట్రోలర్. వీటన్నిటి మీద ఓసీపీపీ 1.6 (ఛార్జర్లు సర్వర్‌తో మాట్లాడే భాష)తో నడిచే సాఫ్ట్‌వేర్. వీటిని రాత్రిపూట, ఉద్యోగుల్ని తెచ్చి దించే 22 క్యాబ్‌లు, పగలు కొన్ని స్టాఫ్ కార్లు వాడుకుంటాయి. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఎందుకంటే మూడేళ్లలో వచ్చిన ఫాల్ట్‌లలో సగానికి పైగా ఛార్జర్‌వి కావు, దాని వెనక వైరింగ్‌వి, సెట్టింగ్‌లవి. ఏ కంపెనీ డబ్బా కొన్నా అవి వచ్చేవే.

మార్కులు అడిగేవాళ్ల కోసం: ఏసీ డబ్బాలకు 5కి 4, లోడ్ కంట్రోలర్‌కు మూడున్నర (సెట్టింగ్‌లు సరిచేశాకే), డీసీ ఛార్జర్‌కు 3, సాఫ్ట్‌వేర్‌కు రెండున్నర.

ఎన్ని పాయింట్లు అనేది కారు చెప్తుంది

మనం ఏసీ ఛార్జర్ అని పిలిచే గోడ డబ్బా నిజానికి ఛార్జర్ కాదు. మూత తీస్తే ఒక కాంటాక్టర్, ఒక మీటర్, లీకేజీ సెన్సర్, కారుతో మాట్లాడే చిన్న బోర్డు, అంతే. బ్యాటరీకి కావాల్సిన డీసీని తయారుచేసేది కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్. క్యాబ్‌లుగా తిరిగే సెడాన్లలో చాలావాటికి అది 3.3 కిలోవాట్లే. అలాంటి కారును 7.4 డబ్బాకు తగిలించినా, 22 కిలోవాట్ల త్రీఫేజ్ డబ్బాకు తగిలించినా తీసుకునేది 3.3. ఆన్‌బోర్డ్ 7.2 ఉన్న సింగిల్ ఫేజ్ కారు కూడా 22 కిలోవాట్ల డబ్బా మీద ఒక్క ఫేజే వాడుకుంటుంది, మిగతా రెండు ఫేజ్‌లు ఊరికే ఉంటాయి. కాబట్టి కొటేషన్ తెప్పించే ముందు ఫ్లీట్‌లో ఏ కారుకు ఎంత ఆన్‌బోర్డ్ ఉందో పట్టిక రాసుకోవాలి.

ఇక్కడి లెక్క ఇది. క్యాబ్ రోజుకు 130 కిలోమీటర్లు తిరుగుతుంది. కారులో ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుంటే బ్యాటరీ నుంచి 18.6 యూనిట్లు ఖర్చు. ఛార్జింగ్‌లో పోయేది 12 శాతం కలిపితే గోడ దగ్గర 21 యూనిట్లు. 22 బండ్లకు 462. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 8 గంటలు ఉన్నాయి కాబట్టి సగటున 58 కిలోవాట్లు చాలు. 18 డబ్బాల మీద రాసి ఉన్న అంకెలు కూడితే మాత్రం 133 వస్తుంది. అమ్మేవాళ్లు 133 చూపించి లోడ్ పెంచుకోమంటారు. పరిమితి 65 దగ్గర పెట్టినా రాత్రికి పని పూర్తవుతుంది.

పాయింట్ల సంఖ్యది ఇంకో లెక్క. 3.3 బండ్లు 12. ఒక్కోదానికి 21 యూనిట్లు ఎక్కాలంటే ఆరున్నర గంటలు. అంటే రాత్రంతా ఒక పాయింట్ దానిదే. 7.2 బండ్లు 10. ఇవి 3 గంటల్లో నిండుతాయి కనుక రెండింటికి ఒక పాయింట్, మొత్తం 5. అంతా కలిపి 17, పాడైతే పనికొచ్చేలా ఒకటి అదనం. కాగితం మీద బాగానే ఉంది గానీ, రెండు బండ్లకు ఒక పాయింట్ అన్నామంటే అర్ధరాత్రి ఒకటిన్నరకు బండి మార్చే మనిషి కావాలి. డ్రైవర్ సీటు వెనక్కి వాల్చి నిద్రపోతాడు. తాళాలు సెక్యూరిటీ దగ్గర పెట్టించే పద్ధతి లేకపోతే ఈ 5 పాయింట్లు 10 అవుతాయి, ఖర్చూ అలాగే పెరుగుతుంది.

హెచ్‌టీ (హైటెన్షన్) కనెక్షన్ ఉన్న భవనానికి తెలంగాణలో బిల్లు డిమాండ్ అంటే ఆ నెల ఆర్ఎండీ (మీటర్‌లో నమోదైన గరిష్ట డిమాండ్), లేదా సీఎండీ (ఒప్పందంలో రాసుకున్న గరిష్ట డిమాండ్)లో 80 శాతం, ఏది ఎక్కువైతే అది. సీఎండీ దాటితే పెనాల్టీ, అవసరం లేకుండా పెంచుకుంటే నెలనెలా దండగ. ఆఫీసు భవనంలో రాత్రి చిల్లర్లు (భవనాన్ని చల్లబరిచే పెద్ద ఏసీ యంత్రాలు) ఆగిపోతాయి, లిఫ్ట్‌లు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీలోనే 65 కిలోవాట్లు ఇమిడిపోయాయి, సీఎండీ పెంచాల్సిన పని పడలేదు. టీవోడీ (వేళను బట్టి రేటు) ఉన్న కనెక్షన్లలో ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 దాకా యూనిట్ రేటు ఎక్కువ, రాత్రి 10 నుంచి 6 దాకా తక్కువ. అది కూడా రాత్రి ఛార్జింగ్‌కే కలిసొస్తుంది.

ఈవీకి విడిగా కనెక్షన్ తీసుకోవచ్చా అంటే తీసుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల్లో వినియోగదారుడు ఈవీ ఛార్జింగ్‌కు ప్రత్యేక కనెక్షన్ అడిగే హక్కు స్పష్టంగా ఉంది. మన డిస్కంలలో ఈవీకి వేరే టారిఫ్ కేటగిరీ కూడా ఉంది. పగటి ఛార్జింగ్ ఎక్కువైనా, బయటివాళ్లకు డబ్బుకు ఇవ్వాలన్నా అదే మేలు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మీటర్ వేరైతే భవనంలో రాత్రి ఖాళీగా ఉండే లోడ్ మీకు అందదు, ఈవీ మీటర్‌కు కావాల్సిన లోడ్ అంతా కొత్తగా కొనాలి. కొత్తగా కట్టే భవనాలకైతే 2019లో మార్చిన నమూనా బిల్డింగ్ బైలాస్ పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలంటాయి, అదనపు లోడ్‌కు 1.25 సేఫ్టీ ఫ్యాక్టర్ వేయమంటాయి. ఇప్పుడు కట్టేవాళ్లు కనీసం కేబుల్ ట్రే, ప్యానెల్‌లో ఖాళీ ఫీడర్లు వదిలిపెట్టుకుంటే తర్వాత స్లాబ్‌కు కోర్ కటింగ్ చేయించే ఖర్చు తప్పుతుంది.

వైరింగ్ దగ్గరే సగం గొడవ

ప్యానెల్ నుంచి చివరి ఛార్జర్‌కు 60 మీటర్లు. మొదటి కొటేషన్‌లో అన్నిటికీ 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ రాశారు. ఆ సైజులో ఒక ఆంప్‌కు, ఒక మీటరుకు సుమారు 7.3 మిల్లీవోల్టులు పడిపోతాయి. 32 ఆంప్‌లు, 60 మీటర్లు అంటే 14 వోల్టులు, 230లో 6 శాతం. 10 స్క్వేర్ అయితే మీటరుకు 4.4 చొప్పున ఎనిమిదిన్నర వోల్టులు. 16 స్క్వేర్ అయితే 2.8 చొప్పున ఐదున్నర లోపే. ఇంటి గీజరైతే పర్వాలేదనుకోవచ్చు, అది పావుగంటలో ఆగుతుంది. ఛార్జర్ 32 ఆంప్‌లు గంటల తరబడి లాగుతుంది. వోల్టేజీ ముందే తక్కువున్న సాయంత్రం ఇంకో 14 పడితే కొన్ని కార్లు అండర్ వోల్టేజీ అని ఆగిపోతాయి, కొన్ని కరెంటు తగ్గించుకుని తెల్లవారినా నిండవు. 25 మీటర్ల లోపు 6, 40 దాకా 10, ఆపైన 16 అని పెట్టుకుంటే తలనొప్పి లేదు.

ఎంసీబీ 32 ఆంప్‌లది పెడితే మే నెలలో ట్రిప్ అవుతుంది. తప్పు ఎంసీబీది కాదు. 32 ఆంప్‌లు నిరంతరం, పక్కపక్కనే ఆరు ఎంసీబీలు, మూసిన డీబీ (ఎంసీబీలు ఉండే పెట్టె), బయట 42 డిగ్రీలు. సీ కర్వ్ 40 ఆంప్‌ది వేసి, దానికి తగిన కేబుల్ పెట్టి, రెండేసి ఎంసీబీల మధ్య స్పేసర్ వదిలితే ఆగిపోయింది. అల్యూమినియం కేబుల్ తెచ్చి నేరుగా ఎంసీబీ నోట్లో బిగించడం ఇక్కడ మామూలే. బైమెటాలిక్ లగ్ (రాగి, అల్యూమినియం కలిపి చేసిన కొస) లేకపోతే ఏడాది తిరక్కుండానే స్క్రూ దగ్గర నల్లబడుతుంది. ఛార్జింగ్ మొదలుపెట్టిన నెలకు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి ప్రతి టెర్మినల్‌నూ టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాలి. ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో చూస్తే పక్కవాటికంటే 15, 20 డిగ్రీలు ఎక్కువున్న టెర్మినల్ వెంటనే దొరుకుతుంది.

ఆర్సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా కోసే స్విచ్) విషయంలో మాత్రం రాజీ వద్దు. దాని ముఖం మీద గుర్తు చూడండి. ఒక్క అల గీతే ఉంటే టైప్ ఏసీ, అల కింద తునకల్లా సగం అలల గీత కూడా ఉంటే టైప్ ఏ. బజారులో చవగ్గా దొరికేది, ఎలక్ట్రీషియన్ అడక్కుండా తెచ్చేది టైప్ ఏసీ. కారు ఛార్జర్ నుంచి నున్నటి డీసీ లీకేజీ వచ్చిందంటే ఆర్సీసీబీ లోపలి కోర్ సాచురేట్ అయిపోయి, తర్వాత నిజంగా ఏసీ లీకేజీ వచ్చినా అది పసిగట్టదు. అందుకే ఛార్జర్‌లోనే 6 మిల్లీ ఆంప్‌ల డీసీ లీకేజీ సెన్సర్ ఉండి, బయట 30 మిల్లీ ఆంప్‌ల టైప్ ఏ ఉండాలి. సెన్సర్ లేని డబ్బా అయితే టైప్ బీ కొనాలి, దాని ధర చూస్తే సెన్సర్ ఉన్న డబ్బానే నయం అనిపిస్తుంది. మూడు ఛార్జర్లకు కలిపి ఒకే ఆర్సీసీబీ పెట్టే తెలివి కూడా వద్దు. ప్రతి కారుకూ ఫిల్టర్ల నుంచి కొద్దికొద్దిగా సహజ లీకేజీ ఉంటుంది, మూడూ కలిసి 30 దగ్గరకు చేరి కారణం లేకుండా ట్రిప్ అవుతుంది. అర్ధరాత్రి ట్రిప్ అయితే పొద్దున మూడు బండ్లు ఖాళీ.

న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కూడా కొలవాలి, అది కూడా అన్ని బండ్లూ తగిలించి ఉన్నప్పుడు. ఖాళీగా ఉన్నప్పుడు 1 వోల్ట్, లోడ్ మీద 6, 7 వోల్టులు కనిపిస్తే న్యూట్రల్ ఎక్కడో సన్నగా ఉందనో, ఎర్త్ పిట్ ఎండిపోయిందనో అర్థం. వేసవిలో ‘గ్రౌండ్ ఫాల్ట్’ అని వచ్చిన ఫిర్యాదుల్లో చాలా భాగం పిట్‌లో నీళ్లు పోస్తే పోయాయి. ఇది పరిష్కారం కాదు, కారణం చూపించడం మాత్రమే. తర్వాత పిట్‌లు కొత్తగా వేయించాల్సి వచ్చింది.

డీజీ (డీజిల్ జనరేటర్) మీద ఇంకో తంతు. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే 18 ఛార్జర్లూ ఎర్రలైటు వేశాయి. ఏఎంఎఫ్ ప్యానెల్ (కరెంటు పోతే దానంతటదే జనరేటర్‌కు మార్చే పెట్టె)లో నాలుగు పోల్‌ల ఛేంజోవర్ ఉంది, డీజీ వైపు న్యూట్రల్‌ను ఎర్త్ చేయలేదు. ఛార్జర్‌కు ఎర్త్ లేనట్టు కనిపించింది, ఆగిపోయింది, సరైన పనే చేసింది. న్యూట్రల్ ఎర్తింగ్ సరిచేయించారు, అది భవనం మొత్తానికి అవసరమైన పని. ఆ తర్వాత మాత్రం డీజీ నడిచేటప్పుడు ఛార్జింగ్ పూర్తిగా ఆపేలా ఛేంజోవర్ ఆక్సిలరీ కాంటాక్ట్ నుంచి కంట్రోలర్‌కు సిగ్నల్ ఇప్పించారు. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. ఆ కరెంటుతో కారు నింపడం కంటే డీజిల్ కారు కొనుక్కోవడం నయం.

లోడ్ కంట్రోలర్: సరిగ్గా పెడితే బంగారం

కంట్రోలర్ చేసేది చిన్న పనే. ఇన్‌కమర్ మీటర్‌ను ఆర్ఎస్-485 (మీటర్ రీడింగ్‌లు మోసే) తీగ మీద చదివి, సీఎండీలో 90 శాతానికి ఎంత ఖాళీ ఉందో చూసి, ఆ ఖాళీని ఛార్జర్లకు పంచుతుంది. ఛార్జర్ కారుకు ఆ సంగతి కంట్రోల్ పైలట్ తీగ మీద ఒక సెకనుకు వెయ్యిసార్లు ఆడే సిగ్నల్ వెడల్పుతో చెప్తుంది. 10 శాతం వెడల్పు అంటే 6 ఆంప్‌లు, 53 శాతం అంటే 32. అంతకు మించి కారు లాగదు.

దెబ్బతినే చోట్లు మూడు. ఒకటి, సీటీలు. నిష్పత్తి 800/5 అయితే మీటర్‌లో 400/5 అని ఉండిపోయింది, కంట్రోలర్‌కు భవనం సగం లోడే వాడుతున్నట్టు కనిపించింది. ఒక ఫేజ్ సీటీ బాణం గుర్తు తిరగబడితే రీడింగ్ మైనస్‌లో వస్తుంది. మూడు ఫేజ్‌ల రీడింగ్‌నూ క్లాంప్ మీటర్‌తో పక్కపక్కనే పెట్టి చూడనిదే సంతకం చేయొద్దు.

రెండోది, తీగ తెగితే ఏమవుతుంది? కమిషనింగ్ రోజే ఆర్ఎస్-485 తీగ పీకి చూడాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఛార్జర్లన్నీ 6 ఆంప్‌లకు దిగాలి. ఇక్కడ తీగ తెగితే ఎన్ని ఆంప్‌లకు దిగాలో రాసే సెట్టింగ్ గడి ఖాళీగా వదిలేశారు. తీగ పీకినా 32 దగ్గరే నిలబడ్డాయి. అంటే ఎలుక ఒక్క తీగ కొరికిందంటే ఆ నెల ఆర్ఎండీ గతి అంతే.

మూడోది, 6 ఆంప్‌ల కనీస హద్దు. అంతకంటే తక్కువ ఇవ్వడం ప్రమాణంలోనే లేదు, 6 లేదా సున్నా. 18 బండ్లకు 6 చొప్పున ఇస్తే ఫేజ్‌కు 36 ఆంప్‌లు, దాదాపు 25 కిలోవాట్లు. మధ్యాహ్నం చిల్లర్లు నడిచేటప్పుడు అంత ఖాళీ లేకపోతే కొన్నిటిని పూర్తిగా ఆపాలి. ఆపిన తర్వాత తిరిగి ఇచ్చినా కొన్ని కార్లు నిద్ర లేవవు, ప్లగ్ పీకి మళ్లీ పెట్టాల్సిందే. ఏ మోడల్ లేస్తుందో ఏది లేవదో పరీక్షించి, లేవని వాటికి ఎప్పుడూ 6 తగ్గకుండా ప్రయారిటీ ఇచ్చాక ఫిర్యాదులు ఆగాయి. 6 ఆంప్‌ల మీద గంటల తరబడి నడపడం కూడా లాభం కాదు. కారు లోపలి పంపులు, కంప్యూటర్లు తినేది ఎంత కరెంటిచ్చినా ఇంచుమించు అంతే, కాబట్టి తక్కువ కరెంటు మీద వృథా శాతం పెరుగుతుంది. పది బండ్లకు 6 ఇచ్చే బదులు మూడింటికి 20 ఇచ్చి వంతులు వేయడం మంచిది.

ఫేజ్‌ల పంపకం చిన్న విషయంలా కనిపిస్తుంది. 1 నుంచి 6 దాకా ఆర్ ఫేజ్, 7 నుంచి 12 దాకా వై, మిగతావి బీ అని వేశారు. డ్రైవర్లు సహజంగా లిఫ్ట్ దగ్గరి ఆరు స్లాట్లు ముందు నింపుతారు. సాయంత్రం ఏడుకు ఆర్ ఫేజ్ నిండిపోయి కంట్రోలర్ అందరి కరెంటూ తగ్గించేది, మిగతా రెండు ఫేజ్‌లు ఖాళీగా పడి ఉండేవి. వరసగా ఆర్, వై, బీ, ఆర్, వై, బీ అని మార్చారు, సాఫ్ట్‌వేర్‌లో కూడా ఏ ఛార్జర్ ఏ ఫేజ్ మీదుందో సరిచేశారు. అదొక్క మార్పుతో బండ్లు నిండే వేళ గంటన్నర ముందుకొచ్చింది.

సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్

బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు. ప్రతి ఛార్జర్‌లో ఒక సిమ్ పెట్టే పద్ధతి ఇక్కడ పనిచేయదు. చేసిన చోట కూడా రీఛార్జ్ గడువు దాటి ఛార్జర్ ఆఫ్‌లైన్ అవడం చూస్తూనే ఉంటాం. కారుకు ఛార్జ్ పెట్టే డబ్బాకు రీఛార్జ్ మరిచిపోవడం! క్యాట్-6 కేబుల్ లాగి, 100 మీటర్లు దాటేచోట ఫైబర్ వేసి, ర్యాంప్ పైన ఒకే రౌటర్ పెట్టడమే దారి. నెట్ పోయినా డ్రైవర్ ఛార్జింగ్ మొదలుపెట్టే కార్డు పనిచేయాలంటే ఛార్జర్‌లో లోకల్ ఆథరైజేషన్ జాబితా ఆన్ చేసి, కార్డుల నంబర్లు ముందే దింపాలి. ఒకసారి ఫర్మ్‌వేర్ (ఛార్జర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాక ఒక్క కార్డూ పనిచేయలేదు. కొత్త ఫర్మ్‌వేర్ కార్డు నంబరును వెనక నుంచి ముందుకు, రెండేసి అంకెల జతలుగా తిప్పి చదువుతోంది. 60 కార్డుల జాబితా తిరగరాయాల్సి వచ్చింది. ఫర్మ్‌వేర్ ఎప్పుడూ ముందు ఒక్క ఛార్జర్‌కే ఎక్కించి వారం చూడాలి.

ఇంకో మాయ టైమ్‌ది. ఓసీపీపీలో సమయాలు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో నడుస్తాయి. రాత్రి 22:00కు మొదలవ్వాలని షెడ్యూల్ పెడితే బండ్లన్నీ తెల్లవారుజామున 3:30కు మొదలయ్యాయి, పొద్దున 6 గంటలకు మొదలయ్యే షిఫ్ట్‌కు సగం కూడా నిండలేదు. తెరమీద 22:00 అనే కనిపిస్తుంది, లాగ్‌లో మాత్రం ఐదున్నర గంటల తేడా. మన సమయం 22:00 కావాలంటే యూటీసీ 16:30 అని వెళ్లాలి. సరిచేశాక కూడా అన్నీ ఒక్క సెకనులో మొదలవ్వకుండా రెండేసి నిమిషాల తేడా పెట్టుకోవాలి.

డ్రైవర్లతో యూనిట్ల తగాదా తప్పదు. ఛార్జర్ 21 అంటుంది, కారు తెర మీద 18.5 ఎక్కినట్టు కనిపిస్తుంది. దొంగతనం కాదు, మార్పిడిలో, వేడిలో పోయింది. కాంట్రాక్టర్‌తో ఒప్పందంలో ‘గోడ దగ్గర యూనిట్లు’ అని రాసుకుంటే గొడవ లేదు.

డీసీ ఛార్జర్

పగలు రెండు ట్రిప్పుల మధ్య 40 నిమిషాల టాప్అప్‌కు బాగా పనికొచ్చింది. 40 యూనిట్ల బ్యాటరీ 20 నుంచి 80 శాతానికి రావడానికి గంట లోపే. కానీ ఇది ఒక్కటే నాలుగు ఏసీ పాయింట్లంత లోడ్, పైగా చిల్లర్లు నడిచే వేళలోనే అవసరం పడుతుంది. కొన్న కొత్తలో లోడ్ కంట్రోలర్‌కు కలపకుండా విడిగా వదిలేశారు. కలపాలి, లేకపోతే కంట్రోలర్ పెట్టీ ప్రయోజనం లేదు. పాత తరం క్యాబ్‌లలో కొన్నిటికి సీసీఎస్-2 కాకుండా భారత్ డీసీ-001 రకం గన్ (కేబుల్ కొసనుండే ప్లగ్) పట్టే సాకెట్ ఉండేది. సెకండ్ హ్యాండ్ బండ్లు ఫ్లీట్‌లో కలిపేవాళ్లు సాకెట్ చూసి కొనాలి.

దుమ్మే దీనికి శత్రువు. గాలి ఫిల్టర్ నెలకోసారి తీసి దులపకపోతే ఏప్రిల్‌లో 30 కిలోవాట్లది 18 దగ్గర ఆగిపోతుంది. తెర మీద ఎర్రర్ ఏమీ రాదు, నెమ్మదిస్తుంది అంతే. పడమటి ఎండ తగలకుండా రేకుల షెడ్ వేశాక కొంత మెరుగు. ఫ్యాన్ల రొద మాత్రం సెక్యూరిటీ క్యాబిన్ పక్కన పెట్టుకునేది కాదు.

అరిగేవి, విరిగేవి

ఏసీ కేబుల్ చనిపోయే చోటు ఒక్కటే, గన్ వెనక వంపు దగ్గర. హోల్డర్‌లో పెట్టకుండా నేల మీద పడేసిన గన్ మీదుగా బండి ఎక్కితే ప్లాస్టిక్ అంచు పగులుతుంది, లాక్ పట్టదు. కారు గుర్తించడం లేదంటే ముందు మల్టీమీటర్ తీయాలి. కంట్రోల్ పైలట్, ఎర్త్ మధ్య ఖాళీ గన్‌లో 12 వోల్టులు ఉండాలి. కారుకు తగిలిస్తే సిగ్నల్ పై అంచు 9కి, ఛార్జ్ మొదలైతే 6కి దిగుతుంది, కానీ అది మల్టీమీటర్‌లో అలా కనిపించదు. ఖాళీగా ఉన్నప్పుడే 12 రాకపోతే లోపల పైలట్ తీగ తెగింది, వంచి చూస్తే వచ్చిపోతుంది. కేబుల్ మార్చాక 7.4 ఇవ్వాల్సింది 4.6 దగ్గరే ఆగితే గన్‌లోని ప్రాక్సిమిటీ రెసిస్టర్ (కేబుల్ ఎన్ని ఆంప్‌లదో కారుకు చెప్పేది) కొలవండి. 220 ఓమ్‌లుంటే 32 ఆంప్‌ల కేబుల్, 680 ఉంటే 20 ఆంప్‌లది అంటగట్టారు. కారు ఆ రెసిస్టర్‌ను నమ్మి 20కి మించి తీసుకోదు.

కేబుల్ డబ్బాలోకి వెళ్లే గ్లాండ్ రంధ్రాలు సీల్ చేయకపోతే బల్లులు, చీమలు లోపలికి చేరతాయి. ఒక కాంటాక్టర్ అలాగే పోయింది. ఏప్రిల్, మే ఉరుముల కాలం ముందు డీబీలోని సర్జ్ ప్రొటెక్టర్ కిటికీ ఆకుపచ్చగా ఉందో ఎర్రబడిందో చూడాలి. ఎర్రబడితే కార్ట్రిడ్జ్ మార్చడం ఐదు నిమిషాల పని.

స్కూటర్లకు మామూలు త్రీపిన్ సాకెట్లు పెట్టారు, ఏడాదిలో రెండు కరిగాయి. గంటల తరబడి ఆగకుండా నడిచేదానికి ఆ సాకెట్ సరిపోదు. నీలం రంగు 16 ఆంప్‌ల ఇండస్ట్రియల్ సాకెట్లు వేశాక మళ్లీ సమస్య లేదు.

మంటల విషయం: బేస్‌మెంట్ లోపలి మూలన కాకుండా ర్యాంప్‌కు దగ్గరగా స్లాట్లు ఇవ్వాలి, ఫైర్ ప్యానెల్ రిలే నుంచి ఛార్జింగ్ మెయిన్ ఎంసీసీబీ (ప్రధాన బ్రేకర్)కి షంట్ ట్రిప్ (సిగ్నల్ రాగానే బ్రేకర్‌ను పడేసే కాయిల్) కలపాలి, గార్డు చేతికందేలా ఎమర్జెన్సీ బటన్ ఉండాలి. గోడకున్న మంటలార్పే సిలిండర్ ప్యానెల్ మంటకు పనికొస్తుంది గానీ బ్యాటరీ మంటకు సరిపోదు. గార్డులకు ఇది ముందే చెప్పి, బటన్ కొట్టి బయటికి రమ్మనాలి.

18 పాయింట్లకు బీరువాలో ఉంచే విడిభాగాలు: 32 ఆంప్‌ల గన్ కేబుళ్లు 2, కాంటాక్టర్లు 2, కంట్రోల్ బోర్డు 1, సర్జ్ కార్ట్రిడ్జ్‌లు 3, 40 ఆంప్‌ల టైప్ ఏ ఆర్సీసీబీలు 2, డీసీ ఫిల్టర్ ఒక సెట్. కంట్రోల్ బోర్డు రావడానికి ఒకసారి ఆరు వారాలు పట్టింది, మిగతావి ఊళ్లోనే దొరుకుతాయి.